ఎడమకు లాగే బండి

ఇల్లందు,
10 జూలై 2025

తమ్ముడు డేవిడ్‌కు,

అక్క దీవెన రాసేది. ఇక్కడ అందరం దేవుని దయతో ఉన్నాం, నడుము ఒక్కటి తప్ప. నడుము నాది కాదు, మీ బావది. మే నెలలో ఇంజను దించుతుంటే పట్టేసింది. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. డాక్టరు వంగొద్దన్నాడు. మెకానిక్‌ను వంగొద్దంటే ఇల్లెట్లా గడుస్తుంది? అందుకని షెడ్డులో ఇప్పుడు నేను వంగుతున్నాను. జయరాజ్ కుర్చీలో కూర్చుని చెప్తుంటాడు, నేను బండి కింద పడుకుని చేస్తుంటాను. పెళ్ళయిన కొత్తలో పానాలు అందించడం తప్ప ఏమీ రానిదాన్ని, ఇప్పుడు బుష్షు ఊడదీసి కొత్తది ఎక్కించగలను. నవ్వకు.

జైల్లో నీకు దొరికే ఫోన్లన్నీ కుసుమంచికి, అమ్మకే చెయ్యి. ఆమెకు చదవడం రాదు, నీ గొంతు వినకపోతే ముద్ద దిగదు. నాకు ఉత్తరాలు చాలు.

ఇక అసలు సంగతి. సోమవారం పొద్దున సిల్వర్ రంగు చిన్న కారు ఒకటి షెడ్డుకు వచ్చింది. డ్రైవరు టేకులపల్లి మనిషి, పనిలో చేరి ఎన్నాళ్ళో కాలేదు. "అక్కా, గుంతల్ల పడితే ముందల టక్‌టక్ అంటున్నది. బ్రేకు కొడితే ఎడమకు గుంజుతున్నది," అన్నాడు. జాకీ వేసి కిందికి దూరాను. బావ నాకు నేర్పిన మొదటి పాఠమే ఇది: చక్రాన్ని బండికి పట్టి ఉంచేది కింద ఉండే ఇనప చెయ్యి, ఆ చెయ్యి బండిని పట్టుకునేది రబ్బరు బుష్షుతో. రబ్బరు చిరిగిందా, బ్రేకు పడగానే చెయ్యి వెనక్కి జరుగుతుంది, చక్రం తనకు తోచిన దారి పడుతుంది. ఇనప రాడ్డు పెట్టి ఎత్తి చూశాను. ఎడమ చెయ్యి కదిలే పన్నులా ఊగింది. రబ్బరు సగం లేదు.

మట్టి తుడిచాను. ఆ చేతి మీద పసుపు రంగు గీత ఉంది. మార్చి తీరాల్సిన సామాను మీద మీ బావ గీసే గీత. మన షెడ్డులో తప్ప ఎక్కడా అట్లా గీయరు. బయటికొచ్చి నంబరు చూశాను.

అదే బండి, డేవిడ్. తెలుపు మీద సిల్వర్ కొట్టించారు. అందులో ఎక్కిన ముత్తక్క చచ్చిపోయింది, నువ్వు జైలుకు పోయావు, బండికి రంగు మారింది. బుష్షు మాత్రం మారలేదు.

బండి ఓనరు ఉదయ్ భాస్కర్ కోర్టులో బోనెక్కి, బండి కొత్తదానిలా ఉండేదని, తప్పంతా డ్రైవరు తొందరదేనని ప్రమాణం చేసి చెప్పాడు. బయటికొచ్చి నువ్వు తాగి నడిపావని ఊరూరా చెప్పాడు. కల్లు వాసనకే ముక్కు మూసుకునే నిన్ను. నువ్వేమో జడ్జి అడిగినా నోరు తెరవలేదు, పైకోర్టుకు పోదామన్నా వద్దన్నావు. బావ సాక్ష్యం చెప్తానంటే, బామ్మర్ది కోసం చెప్పే మాటకు విలువుండదని మన వకీలే కూర్చోబెట్టాడు.

సామాను ఖమ్మం నుంచి రావాలని చెప్పి బండిని షెడ్డులో ఉంచుకున్నాను. టేకులపల్లి డ్రైవరుకు ఆ బుష్షు చూపించాను. మర్నాడే పని మానేశాడు. వానలకు కిరాయిలు లేవు, కొత్త డ్రైవరు దొరికేదాకా ఓనరుకు తొందరా లేదు. కాబట్టి బండి నా చేతిలో ఉంది. వాణ్ణి వదలను. ఆదివారం పూజలో క్షమించమనే ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి నేను నోరు మూసుకుని నిలబడుతున్నాను. ఫాదర్ చూశాడు కూడా.

ఈ వానలకు నువ్వు పడుకునే చోటు పొడిగా ఉందో లేదో రాయి.

నీ అక్క,
దీవెన


ఖమ్మం,
22 జూలై 2025

అక్కకు, బావకు డేవిడ్ నమస్కారాలు.

నీ ఉత్తరాన్ని ఆఫీసులో చదివి నాకిచ్చేసరికి వారం దాటింది. నువ్వు రాసేటప్పుడు మనిద్దరితోపాటు ఇంకొకరూ చదువుతారని గుర్తుపెట్టుకో. నేను ఆ లెక్కలోనే రాస్తున్నాను. పడుకునే చోటు పొడిగానే ఉంది. నన్ను వంటశాలలో వేశారు. చపాతీలు నా పని. ఆ బండి ఇంకా రోడ్డు మీద తిరుగుతోందని చదివిన పూట పెనం మీద ఉన్నవన్నీ మాడిపోయాయి.

ఆ రోజు సంగతి నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ముత్తక్కకు జ్వరం. గుండాల అవతల వాళ్ళ ఊరి నుంచి కొత్తగూడెం దవాఖానకు తీసుకుపోతున్నాను. వెనక సీట్లో ఆమె, పక్కన వాళ్ళ పొరుగింటామె. వాగు దిగే మలుపుకు ముందు ఆవు అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. బ్రేకు పడింది. బండిని చూసిన ఇన్‌స్పెక్టరు బ్రేకులు బాగున్నాయని రాశాడే, అది అబద్ధం కాదు. కానీ స్టీరింగు నా చేతుల్లో నేరుగా ఉండగానే చక్రం ఎడమకు తిరిగింది. నేను తిప్పలేదక్కా. బండి పక్కకు జారి, వెనక తలుపు టేకు చెట్టుకు కొట్టుకుంది. ముత్తక్క ఆ తలుపు వైపు కూర్చుంది.

ఓనరు సారుకు బుష్షు సంగతి ఎన్నిసార్లు చెప్పానో. "ఈ సీజన్ వెళ్ళనీ, తర్వాత చూద్దాం," అనేవాడు. బావ పసుపు గీత గీసిన రోజు కూడా ఫోన్ చేసి చెప్పాను. అదే మాట.

నీ చేతిలో ఉంది, వదలను అని రాశావు. నువ్వు ఏం తలపెట్టావో ఇక్కడ రాయలేను. ఆ పని చెయ్యకు. ఆ ఇనప చెయ్యి బోల్టును ఎంత బిగించాలో అంత బిగించి బండి పంపించెయ్యి. మన ఇంట్లో జైలుకు ఒకరు చాలు.

మొన్న సారు మనిషి ములాఖత్‌కు వచ్చాడు. అరటిపళ్ళు తెచ్చాడు. బయటికి వచ్చాక నాకు మళ్ళీ బండి ఇస్తారట, పాత సంగతులు తవ్వొద్దట. పళ్ళు బ్యారక్‌లో అందరికీ పంచాను.

బావను మంచం మీద కాకుండా చెక్క బల్ల మీద పడుకోమను. ఇక్కడ ఒకాయనకు అట్లానే తగ్గింది.

నీ తమ్ముడు,
డేవిడ్


ఇల్లందు,
31 జూలై 2025

డేవిడ్‌కు,

అరటిపళ్ళు తీపిగా ఉన్నాయా?

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టబోతే మీ బావ లాక్కున్నాడు. నేను వాణ్ణి వదలను అన్నాను. బోల్టు వదులు చేస్తానని ఎక్కడన్నా రాశానా? నీ అక్క మనుషుల్ని చంపే మనిషని నీకు ఎప్పటి నుంచి అనిపిస్తోంది? ఆ అన్నంపెట్టినవాడు పళ్ళు పంపిన దగ్గర్నుంచా? వాడు మళ్ళీ బండి ఇస్తాడు, నువ్వు మళ్ళీ సారూ సారూ అంటూ తిరుగుతావు. దీని కోసమా అమ్మ చెవి కమ్మలమ్మి వకీలును పెట్టింది?

ఒక మాట రాస్తాను, మీ ఆఫీసువాళ్ళు కూడా చదువుకోనీ. నువ్వు రాసేదాకా ఆ ఆలోచన నాకు లేదు. రాశాక వచ్చింది. మర్నాడు బండి కిందికి పోయి ఆ బోల్టు మీద పానా పెట్టాను. కొంచెం తిప్పితే చాలు, మిగతా పని గుంతలే చేసిపెడతాయి. ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. అదే నాకు ఆశ్చర్యం. బావ కుర్చీలోంచి, "ఏం జేస్తున్నవ్?" అని అడిగాడు. "చూస్తున్న," అన్నాను. నిజంగానే చూస్తున్నాను. ఆ సీట్లో కూర్చునేది ఉదయ్ భాస్కర్ కాదు. ఇంకో టేకులపల్లి మనిషో, ఇంకో డేవిడో కూర్చుంటాడు. వాడికీ ఎక్కడో ఒక అక్క ఉంటుంది. అందుకని పానా తీశాను. దేవుడికి భయపడి కాదు, వాడికి తగలదని.

ఊరికే కూర్చోబుద్ధి కాక శుక్రవారం ముత్తక్క పెనిమిటి బొజ్జయ్య దగ్గరికి వెళ్ళాను. గుండాల బస్సు దిగి అడవిలో నడిచి పోయేసరికి ఆయన పత్తిలో కలుపు తీస్తున్నాడు. ముసలి తల్లి నాకు చెంబుతో నీళ్ళిచ్చి, నేనెవరినని కోయ భాషలో కొడుకును అడిగింది. ఆయన చెప్పాడు. ఆమె నా చేతిలోంచి చెంబు వెనక్కి తీసుకుంది.

"తాగి నా పెండ్లాన్ని సంపిండు నీ తమ్ముడు. ఏ మొఖం పెట్టుకొని వచ్చినవ్?" అన్నాడు బొజ్జయ్య.

"తాగలేదన్నా. బండిల దోషం ఉండె. ఓనరుకు తెలుసు."

"ఓనరు మా గుడిసెకొచ్చి నా చెయ్యి పట్టుకొని ఏడ్చిండు. నీ తమ్ముడు వచ్చిండా? కోర్టుల ఒక్క మాటన్న అన్నడా?"

"గా బండి మా షెడ్డుల ఉన్నది. వచ్చి నీ చేత్తోని ఊపి చూడు. అబద్ధమైతే మళ్ళ నీ గడప తొక్కను," అన్నాను. ఆయన వంగి మళ్ళీ కలుపులో పడ్డాడు. వర్షంలో తిరిగి వచ్చాను.

నీ బదులు నేను తల వంచుకుని నిలబడ్డాను, తెలుసుకో.

దీవెన


ఖమ్మం,
11 ఆగస్టు 2025

అక్కకు,

నువ్వు ఉత్తరం కింద అక్క అని రాయకపోయినా నేను పైన రాస్తాను.

పళ్ళు తెచ్చినవాడికి నేనేం జవాబు చెప్పానో నువ్వు అడగలేదు. కాబట్టి నేనూ చెప్పను.

కోర్టులో ఎందుకు మాట్లాడలేదని ఇన్నాళ్ళు అడిగావు. నా వంతు వచ్చినప్పుడు బొజ్జయ్య ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాడు. ఒళ్ళో ముత్తక్క చెప్పులున్నాయి. ఎందుకు తెచ్చుకున్నాడో తెలియదు, సాక్ష్యానికి అడుగుతారనుకున్నాడేమో. వాటిని చూస్తూ, తప్పు నాది కాదు, ఒక రబ్బరు ముక్కది అని చెప్పబుద్ధి కాలేదు. అంతే. దానిలో ఎవరి అన్నమూ లేదు, ఎవరి పళ్ళూ లేవు.

నాకు పగ లేదనుకోకు. రోజూ తెల్లారక ముందే గంగాళం నిండా పిండి పిసుకుతాను. ఎవరి మెడ అనుకుని పిసుకుతానో నాకు తెలుసు. వార్డరు నా చపాతీలు మెత్తగా ఉంటాయని మెచ్చుకుంటాడు. ఈ మాట ఆఫీసువాళ్ళు కొట్టేస్తే నువ్వే ఊహించుకో.

కానీ ఆ మనిషిని వదిలెయ్యక్కా. చేతులెత్తి అడుగుతున్నాను.

డేవిడ్


ఇల్లందు,
24 ఆగస్టు 2025

డేవిడ్‌కు,

ఆ మనిషిని వదిలెయ్యమని రాశావు. వదలలేదు. ఏం జరిగిందో మొదటి నుంచి రాస్తాను, కుదురుగా చదువు.

మేరీమాత పండుగ మర్నాడు బొజ్జయ్య తనంతట తనే బస్సు దిగి షెడ్డు ముందు నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "ఏదో చూపిస్తనంటివి గద," అన్నాడు. జాకీ వేసి, ఇనప రాడ్డు ఆయన చేతికే ఇచ్చాను. కుడి వైపు పెట్టి ఎత్తమన్నాను. కదల్లేదు. ఎడమ వైపు పెట్టి ఎత్తాడు. ఊగింది. చిరిగిన చోట వేలు పెట్టి తడిమాడు. పసుపు గీత సంగతి బావ చెప్పాడు. ఎప్పుడు గీశాడో, డేవిడ్ ఫోన్లో ఓనరుతో ఏం మాట్లాడాడో, అన్నీ. బొజ్జయ్య విని, "ఓనరుకు ఎరికేనా ఇదంత?" అన్నాడు. "నేను చెప్తే నమ్ముతవా? ఆయన నోటెంటనే విను," అన్నాను.

ఓనరే వచ్చి చూసుకుంటే తప్ప బండి ఇవ్వనని కబురు చేశాను. కొత్త డ్రైవరు దొరికాడట, బుధవారం ఉదయ్ భాస్కర్ వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల బూట్లు. కోర్టులో నేను నీ వెనక వరసలోనే కూర్చున్నాను. అప్పుడూ ఆయన చూపు నా మీద ఆగలేదు, ఇప్పుడూ ఆగలేదు.

"మెకానిక్ ఏడమ్మా?" అన్నాడు.

"నేనే సార్. ట్రయల్ చూసుకోండి. నచ్చితేనే తీసుకపోండి."

ముందు సీట్లో నా పక్కన కూర్చున్నాడు. బొజ్జయ్య అప్పటికే వెనక ఉన్నాడు. "ఇతనెవరు?" అంటే, "ఎరకున్న మనిషి సార్, గుండాల దారిల దిగుతడు," అన్నాను. ఇంటికి వెళ్ళి చెయ్యి పట్టుకుని ఏడ్చిన మనిషిని ఆయన గుర్తుపట్టలేదు. బొజ్జయ్య ముఖం అద్దంలో కనిపించింది. నా మాట నమ్మడానికి ఆయనకు అక్కడే సగం సరిపోయిందనుకుంటాను.

ఊరు దాటాం. ప్రతి గుంతకీ ముందు టక్‌మంటోంది. "ఇదేంటి, శబ్దం అలాగే ఉంది? ఏం చేశావు ఇన్నాళ్ళు?" అన్నాడు.

"చిన్న చప్పుడే సార్. ఈ సీజన్ ఎల్లదీస్తది."

వాగు మలుపుకు ముందు రోడ్డు నేరుగా ఉంటుంది కదా, అక్కడ వేగం పెంచాను. బండి నడపడం నువ్వే నేర్పావు, ఆ దారీ నువ్వే చూపించావు. ఆయన సీటు అంచు పట్టుకున్నాడు. "మెల్లగా పోనివ్వమ్మా, ముందు దిగుడుంది."

"బ్రేకులు మంచిగున్నయ్ సార్. ఇన్‌స్పెక్టరే రాసిండు గద."

అప్పుడు మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. నేను బ్రేకు తొక్కాను. ఎటు లాగుతుందో తెలుసు కాబట్టి స్టీరింగు ముందే కుడికి బిగపట్టాను. అయినా బండి ఒక్కసారి ఎడమకు దూకింది. టేకు ఆకులు ఆయన కిటికీ అద్దాన్ని కొట్టాయి. రెండు చేతులూ ముందుకు చాపి కేకలు పెట్టాడు. "తొక్కకు, గట్టిగా తొక్కకు, ఎడమకు లాగేస్తుంది. బుష్షు పోయిందని ఆ డేవిడ్‌గాడు అప్పుడే చెప్పాడు..."

అక్కడ ఆగిపోయాడు. నేను బండిని కంకర మీదికి తెచ్చి ఇంజను ఆపాను.

వెనక నుంచి బొజ్జయ్య అడిగాడు. "ఎప్పుడు చెప్పిండు?"

ఉదయ్ భాస్కర్ మెల్లగా వెనక్కి తిరిగాడు. అప్పుడు గుర్తొచ్చాడు. "బొజ్జయ్యా, నువ్వా... అది కాదు, అసలేం జరిగిందంటే..."

"నాకు తాగిండని చెప్పినవ్."

"అప్పుడు అందరూ అలా అనుకున్నారు."

"అందరు గాదు. నువ్వే. నా గుడిసెల కూసొని, నా బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పినవ్."

బొజ్జయ్య దిగి ఆయన వైపు తలుపు తెరిచి, "దిగు," అన్నాడు. కొడతాడనుకుని ఆయన మోచేతులు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. బొజ్జయ్య కొట్టలేదు. భుజం పట్టి ఆ టేకు చెట్టు దగ్గరికి నడిపించాడు. బెరడు ఊడిన చోట ఇంకా పూడలేదు. "గిదే చెట్టు. మంచిగ చూడు," అన్నాడు. ఆయన నేల చూస్తుంటే గడ్డం పట్టి పైకెత్తాడు. అట్లా ఎంతసేపు నిలబెట్టాడో. నేను బండికి ఆనుకుని చూస్తూ నిలబడ్డాను. ఆపాలని నాకు అనిపించలేదు.

తర్వాత, "ఇగ నడువు," అన్నాడు. ఇల్లందు దాకా బురద, ఆ తెల్ల బూట్లతోనే నడిచి పోయాడు. "నేను డేవిడ్ అక్కను సార్," అని ఆయన కదిలే ముందు చెప్పాను. ఇద్దరి మీదా కేసు పెడతానన్నాడు. "పెట్టు. గీ ముచ్చట ఆడ గుడ చెప్పాలె," అన్నాడు బొజ్జయ్య.

పగ తీరాక మనసు ఖాళీ అవుతుందని మన ఫాదర్ చెప్తుంటాడు. నాకు అట్లా కాలేదు, అబద్ధమెందుకు. ఇంటికొచ్చి రెండుసార్లు పెట్టించుకుని అన్నం తిన్నాను.

నువ్వేమన్నా అనుకో.

దీవెన


ఖమ్మం,
4 సెప్టెంబరు 2025

అక్కకు,

నిన్ను తిట్టాలో నీకు మొక్కాలో తెలియక రెండు రోజులు ఊరుకున్నాను. తిట్టడమే ముందు.

ఆ మనిషిని వదిలెయ్యమని నేను రాసింది బొజ్జయ్య గురించి. ఓనరు గురించి కాదు. చెప్పులు ఒళ్ళో పెట్టుకున్న మనిషిని మళ్ళీ ఆ సంగతిలోకి లాగొద్దని. నువ్వేమో ఆయన్ను ఆ బండిలోనే, ఆ సీట్లోనే కూర్చోబెట్టి, ఆ మలుపు దగ్గరే బ్రేకు తొక్కావు. చెయ్యి జారితే? ఆ ఇంట్లో బిడ్డకు ఇంకెవరు మిగిలేవారు? నీకూ సారుకూ అప్పుడు తేడా ఏముండేది? ఇద్దరూ తెలిసే కదా మనిషిని ఎక్కించింది.

ఇప్పుడు అరటిపళ్ళ సంగతి. తెచ్చినవాడితో నేనన్న మాట ఇది: "సారును ఒకసారి ఆ బండిల కూసోబెట్టి గుండాల దారిన తోలుకపోండ్రి. వాగు కాడ గట్టిగ బ్రేకు కొట్టుండ్రి. గప్పుడొచ్చి మాట్లాడుండ్రి." ఉత్తరం ఆఫీసులో చదువుతారని రాయలేదు. నువ్వు అమ్ముడుపోయానన్నావని ఆ తర్వాత మొండికేసి రాయలేదు.

ఒక తల్లి కడుపున పుట్టాం మరి. ఆ పేజీ నేను ఎన్నిసార్లు చదివానో అడగకు. బురదలో తెల్ల బూట్లతో నడిచాడన్న చోట కాగితం నలిగిపోయింది.

కేసు ఏమైంది? జల్దీ రాయి.

నీ తమ్ముడు,
డేవిడ్


ఇల్లందు,
12 అక్టోబరు 2025

తమ్ముడు డేవిడ్‌కు,

నన్ను క్షమించు. పళ్ళ మాట అనకుండా ఉండాల్సింది. చెప్పకుండా దాచినందుకు నువ్వూ రెండు తిట్లకు పాత్రుడివే, అవి నేరుగా వచ్చి తిడతాను.

బొజ్జయ్యను నేను ఆ సీట్లో కూర్చోబెట్టలేదు. ముందే వద్దన్నాను కూడా. "ముత్తక్క కూసున్న కాడనే కూసుంట," అన్నాడు. కానీ నువ్వన్నదీ నిజమే. బ్రేకు మీద కాలు నాది. ఆ మాట గుచ్చుకుని ఉంది, ఉండనీ.

కేసు పెట్టాడు. స్టేషన్‌కు పిలిచారు. పొద్దుట్నుంచి కూర్చోబెట్టారు. మధ్యాహ్నానికి బొజ్జయ్య వాళ్ళ ఊరి ఆడామగా ట్రాక్టరులో వచ్చి బయట కూర్చున్నారు. నా చేతిలోంచి చెంబు తీసుకున్న ముసలామె ముందు వరసలో ఉంది. బండిలో ఏం మాట్లాడుకున్నారో మొత్తం చెప్పమని ఎస్సై ఉదయ్ భాస్కర్‌ను అడిగాడు. ఆయన వకీలుతో మాట్లాడి వస్తానని పోయాడు, మళ్ళీ రాలేదు.

వెనక్కి పోతూ వాళ్ళు ఒక తీర్మానం చేసుకున్నారు. ఉదయ్ భాస్కర్ బండ్లు ఎక్కొద్దని. పక్క ఊళ్ళూ అదే పట్టాయి. అంగడి రోజున ఆయన కార్లు గుండాలలో వరసగా ఖాళీగా నిలబడ్డాయి. బండ్లన్నీ బాగు చేయించానని చెప్పించాడు. "ఏ షెడ్డుల?" అని అడిగారట. కొత్తగూడెం అన్నాడట. "జయరాజ్ షెడ్డుల దీవెనమ్మ చూసినంక చెప్పు," అన్నారట.

పదిహేను రోజులు బిగదీసుకున్నాడు. తర్వాత ఒక్కో బండీ మన షెడ్డుకు రావడం మొదలైంది. డేవిడ్, ఆయనకు నా దగ్గరికి పంపడం కంటే చావు నయం. అయినా పంపుతున్నాడు. తీసిన ప్రతి చిరిగిన బుష్షునూ గుడ్డలో మూట కట్టి, అదే డ్రైవరు చేత ఆయన బల్ల మీద పెట్టిస్తున్నాను. మొన్న ఒక డ్రైవరు చెప్పాడు, మూట చూడగానే గది వదిలి బయటికి పోయాడట. కొత్తవి ఎక్కించేటప్పుడు మాత్రం నా పగను దగ్గరికి రానివ్వను. బండిని కిందికి దించి, బరువంతా చక్రాల మీద కూర్చున్నాకే బోల్టు బిగిస్తాను. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి నాలుగు రోజుల్లో చిరుగుతుంది. ఆయన డ్రైవర్లు ఇప్పుడు నన్ను అక్కా అంటున్నారు.

నీ బండి తాలూకు పాత ఇనప చెయ్యిని ఊడదీసి, బీరువాలో మీ బావ పెళ్ళి కోటు కింద దాచాను. ఉషారాణి మేడమని కొత్తగూడెంలో లాయరమ్మ ఉంది. దాన్నీ, బొజ్జయ్య మాటనూ పెట్టి పైకోర్టులో అడుగుతానంది. ఆలస్యమైంది, తీసుకుంటారో లేదో చెప్పలేనంది. నువ్వు వద్దనకుండా సంతకం పెట్టు.

షెడ్డు స్థలం ఖాళీ చెయ్యమని కబురొచ్చింది, క్రిస్మస్ లోపల. ఎవరు చెప్పించారో తెలుసు. రోడ్డు పక్కన జాకీ వేసుకునైనా చేస్తాను. ఆయన బండ్లు ఇంకా చాలా ఉన్నాయి.

బొజ్జయ్య నీ దగ్గరికి ఎట్లా రావాలని అడిగాడు. ఎందుకో చెప్పలేదు. ముఖం మాత్రం మెత్తబడలేదు. జాగ్రత్తగా మాట్లాడు.

నీ అక్క,
దీవెన


ఖమ్మం,
3 నవంబరు 2025

అక్కకు,

లాయరమ్మ పంపిన కాగితాల మీద సంతకం పెట్టాను. నువ్వు ఆగవని తెలుసు, ఆగమని ఇక అడగను. బురదలో నడిపించినంత మాత్రాన నాకూ చాల్లేదు. ఆయన మళ్ళీ బోనెక్కాలి, ఈసారి నేను నోరు తెరుస్తాను.

గురువారం బొజ్జయ్య వచ్చాడు.

ములాఖత్ గదిలో ఇనప జాలీకి అవతల నిలబడ్డాడు. చుట్టూ అందరూ గట్టిగా మాట్లాడుకుంటున్నారు. "నీ మీద కోపం పోలే," అన్నాడు.

"పోవద్దన్నా," అన్నాను.

"బండి మంచిగ లేదని ఓనరుకు చెప్పినవ్. నాకెందుకు చెప్పలే? చెప్తే నేను ఎక్కియ్యకపోతుంటి. ఎడ్ల బండి కట్టుకొని పోతుంటి."

అక్కా, ఇన్నాళ్ళలో ఈ మాట నన్నెవరూ అడగలేదు. నువ్వూ అడగలేదు, జడ్జీ అడగలేదు. జాలీ పట్టుకుని నిలబడ్డాను. ఆయన జవాబు కోసం చూసి, రాకపోతే తల ఊపాడు. నాకు ఇంకెవరి మీదా అంత కోపం రాలేదు, నా మీద వచ్చినంత.

పోతాడనుకున్నాను. పోలేదు. గొంతు తగ్గించి, "దారిల ఏమన్న అన్నదా?" అని అడిగాడు.

అన్నది. నాకు బాగా గుర్తుంది. "మేకను కట్టెయ్యమని నీకు చెప్పుడు మర్సిపోయిందట. చిక్కుడు పందిరి మొత్తం తింటదని పరేషానయింది. రెండు మూడుసార్లు అన్నది," అని చెప్పాను.

బొజ్జయ్య తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. గంట కొట్టారు. వార్డరు వచ్చి అందరినీ కదలమన్నాడు. ఆయన రెండడుగులు వేసి మళ్ళీ జాలీ దగ్గరికి వచ్చాడు.

"కట్టేసిన," అన్నాడు. "ఆమె పోంగనే కట్టేసిన."

నాతో చెప్పలేదక్కా ఆ మాట. నా భుజం మీదుగా వెనక్కి, ఎవరో కూర్చున్నట్టు చూస్తూ చెప్పాడు.

నీ తమ్ముడు,
డేవిడ్